పాత చేతి కంప్యూటర్లు, కొత్త పీసీలు: ఏ దారి ఇంకా తెరిచి ఉంది?

1983లో మార్కెట్లోకి వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 నుంచి నిన్న కొన్న ల్యాప్‌టాప్‌లోకి ఒక ఫైలు తెచ్చుకోవడానికి, సరైన కేబుల్ చేతిలో ఉంటే, ఎక్కువ సేపు పట్టదు. 2003 ప్రాంతంలో ఎంతో ఖరీదు పెట్టి కొన్న పాకెట్ పీసీ నుంచి అదే ఫైలు తేవాలంటే ఆదివారమంతా కూర్చున్నా పని పూర్తవుతుందన్న నమ్మకం లేదు. ఇరవై ఏళ్లు ముందు పుట్టింది తేలిగ్గా కలవడం, వెనక పుట్టింది మొరాయించడం మొదట వింతగా తోస్తుంది. కారణం వెతికితే అందులో వింతేమీ లేదు. పాత యంత్రం పీసీ నుంచి ఏమీ ఆశించలేదు. తీగకు అవతలి కొసన ఏముందో దానికి అనవసరం; అక్షరాలు వస్తే తీసుకుంటుంది, పంపమంటే పంపుతుంది. కొత్తది మాత్రం పీసీలో తన కంపెనీ ప్రోగ్రామ్ ఉండి తీరాలంది, ఆ ప్రోగ్రామ్‌కేమో ఫలానా విండోస్ కావాలి. ఆ విండోస్ వెళ్లిపోయింది, వెంట ప్రోగ్రామూ వెళ్లిపోయింది, యంత్రం మాత్రం బతికే ఉంది.

పాత చేతి కంప్యూటర్‌ను నేటి పీసీకి కలపడమనే ప్రశ్నను చాలామంది కేబుల్ ప్రశ్నగానే చూస్తారు. కేబుల్ అందులో మొదటి మెట్టు మాత్రమే. విద్యుత్తు స్థాయి కలవాలి, వేగం కలవాలి, ఆగు-సాగు సైగలు కలవాలి, రెండువైపులా ఒకే ప్రోటోకాల్ ఉండాలి, చివరికి వచ్చిన ఫైలును చదివే ప్రోగ్రామ్ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా తెర మీద చెత్త అక్షరాలు వస్తాయి, లేదా అసలేమీ రాదు. పైగా ఎక్కడ తప్పిందో యంత్రం చెప్పదు. అందుకే ఒక్కో దారిని విడిగా పరిశీలించి, ఏది నమ్మదగిందో తేల్చడం అవసరం.

ఇంతకీ ఈ శ్రమ ఎందుకంటే, ఈ యంత్రాల్లో మనుషుల జీవితాలున్నాయి. విలేకరులు మోడల్ 100లో వార్తలు రాశారు. సైయన్ సిరీస్ 3, సిరీస్ 5లలో డైరీలు, నవలల చిత్తుప్రతులు ఉన్నాయి. హెచ్‌పీ 200ఎల్‌ఎక్స్‌లో ఇంజనీర్లు లెక్కలు, క్షేత్ర పరిశీలనలు దాచుకున్నారు. మన ఊళ్లలో 90ల్లో కాసియో డిజిటల్ డైరీ జేబులో ఉండటం ఒక హోదా. వ్యాపారులు, డాక్టర్లు ఫోన్ నంబర్లన్నీ అందులోనే పెట్టుకునేవారు. కరెంటు మీటరు చూసి గుమ్మంలోనే బిల్లు చేతిలో పెట్టే స్పాట్ బిల్లింగ్ యంత్రాలదీ ఇదే జాతి: ఆఫీసు పీసీ నుంచి వినియోగదారుల వివరాలు నింపుకుని వెళ్లి, తిరిగొచ్చాక రీడింగులు దింపడం వాటి పని.

తీగ దారి

1980, 90ల చేతి కంప్యూటర్లలో ఎక్కువ భాగానికి బయటి ప్రపంచంతో సంబంధం ఆర్‌ఎస్-232 సీరియల్ పోర్టు ద్వారానే. ఈ ప్రమాణం 1960 నాటిది. ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టుల వరకు ఉంటే సున్నా, మైనస్ 3 నుంచి మైనస్ 15 వరకు ఉంటే ఒకటి. పంపే తీగ, అందుకునే తీగ, రెండువైపులకూ ఉమ్మడి గ్రౌండ్: ఈ మూడుంటే మాట మొదలవుతుంది. నేటి ల్యాప్‌టాప్‌లో ఈ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ కొనాలి. అందులో ఉండే చిప్ సాధారణంగా ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సీహెచ్340 అనే మూడింట్లో ఒకటవుతుంది.

ఇక్కడ నా సలహా సూటిగా చెబుతాను: నమ్మకమైన చోట, అసలైన ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న అడాప్టర్ కొనండి, కాస్త ఎక్కువైనా సరే. నకిలీ చిప్‌ల బెడద ఈ రంగంలో చాలా పెద్దది. 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చేసి, పీసీ వాటిని గుర్తుపట్టకుండా చేసింది. అంగడిలో ఏదో ఒకటి అనుకుని కొన్న వేలమంది తమ తప్పేమిటో తెలియక తికమకపడ్డారు. ప్రొలిఫిక్ సంస్థ కూడా విండోస్ 8 నుంచి తన కొత్త డ్రైవర్లలో పాత రకం చిప్‌లకు మద్దతు తీసేసింది. లినక్స్‌లో ఈ డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉంటాయి కాబట్టి అక్కడ ఇంత గొడవ లేదు.

తర్వాత తీగల అల్లిక. మోడెమ్‌కు కలిపే కేబుల్ నేరుగా వెళుతుంది. కంప్యూటర్‌కు కంప్యూటర్‌ను కలిపేటప్పుడు మాత్రం ఒకరు పంపేది ఇంకొకరు అందుకునే పిన్‌కు చేరాలి, అంటే 2, 3 పిన్‌లు అడ్డంగా మారాలి. దాన్నే నల్ మోడెమ్ కేబుల్ అంటారు. ఏ కేబుల్ ఏ రకమో బయటికి తెలియదు. ముందుగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది: అడాప్టర్‌ను పీసీకి పెట్టి, దాని 2, 3 పిన్‌లను చిన్న తీగతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రామ్‌లో ఏదైనా టైపు చేయండి. టైపు చేసిందే తిరిగి తెర మీద కనిపిస్తే అడాప్టర్, డ్రైవర్, పోర్టు నంబరు మూడూ సరిగా ఉన్నట్టే. ఇక లోపం కేబుల్‌లోనో, పాత యంత్రంలోనో ఉంది. ఈ పరీక్ష చేయకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే చిక్కు మీద చిక్కు పడుతుంది.

వేగం, బిట్లు, ప్యారిటీ కుదర్చడం కష్టమేమీ కాదు; రెండువైపులా ఒకటే ఉంటే చాలు. మోడల్ 100లోని టెల్‌కామ్ ప్రోగ్రామ్‌లో ఈ వివరాలన్నీ ఒకే చిన్న వరసలో ఇవ్వాలి. వరసలో మొదటి అంకె 8 అయితే 9600 వేగం, ఆ వెనక బిట్లు, ప్యారిటీ, స్టాప్ బిట్, చివర ఆగు-సాగు సైగ ఉండాలా వద్దా అన్నది. అసలు కష్టం ఆ చివరి అక్షరంలో ఉంది. ఎక్కువమంది అక్కడే బోల్తా పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

మోడల్ 100లో ఉన్నది 2.4 మెగాహెర్ట్జ్ 80సీ85 ప్రాసెసర్. వచ్చే అక్షరాలను తాత్కాలికంగా దాచుకోవడానికి దానికున్న చోటు 64 బైట్లు. అక్షరాలు వేగంగా వస్తూ, తెర కూడా పైకి జరుగుతూ ఉంటే ఆ చోటు క్షణంలో నిండిపోతుంది. నిండబోతుండగా అది పీసీకి ఎక్స్‌ఆఫ్ అనే సైగ పంపుతుంది, అంటే ఆగు అని. ఖాళీ అయ్యాక ఎక్స్‌ఆన్ పంపుతుంది, అంటే సాగు అని. పాత పీసీల్లో సీరియల్ పోర్టు మదర్‌బోర్డు మీదే ఉండేది, సైగ అందిన వెంటనే ఆగిపోయేది. యూఎస్‌బీ అడాప్టర్ సంగతి వేరు. పీసీ అక్షరాలను ఒక్కొక్కటిగా కాక గుంపుగా అడాప్టర్‌కు ఇచ్చేస్తుంది. ఆగు అన్న సైగ పీసీలోని ప్రోగ్రామ్‌కు చేరి, అది పంపడం మానేసేసరికి, అడాప్టర్ కడుపులో ఇంకా వందల అక్షరాలు మిగిలి ఉంటాయి. మోటారు కట్టేసినా పైపులో ఉన్న నీళ్లు కాసేపు పడుతూనే ఉన్నట్టు, అవన్నీ మోడల్ 100 మీదికి వచ్చి పడతాయి. ఫైలు మధ్యలో వాక్యాలు మాయమవుతాయి. చూసినవారు కేబుల్ చెడిందనుకుంటారు, కేబుల్‌కేమీ కాలేదు.

దీనికి మూడు మందులున్నాయి. ఎఫ్‌టీడీఐ చిప్‌లు ఈ సైగను తామే గుర్తించి ఆగగలవు. డ్రైవర్‌లో ఆ సదుపాయం సరిగా పెట్టిన ప్రోగ్రామ్ వాడాలి. లేదంటే టెరాటెర్మ్ వంటి టెర్మినల్ ప్రోగ్రామ్‌లో అక్షరానికీ అక్షరానికీ, వరసకూ వరసకూ మధ్య కొన్ని మిల్లీసెకన్ల విరామం పెట్టాలి. అదీ కుదరకపోతే వేగం 1200కో 600కో దించాలి. వేగం తగ్గించడం నామోషీ కాదు. ఆ యంత్రం మెమరీ గరిష్ఠంగా 32 కిలోబైట్లు. 9600 వేగంతో అదంతా రావడానికి 34 సెకన్లు, 1200 వేగంతోనైనా ఐదు నిమిషాల లోపే. పాత యంత్రం నుంచి పీసీకి వచ్చే దిశలో ఈ ఇబ్బందే ఉండదు, ఎందుకంటే పీసీ ఎంత వచ్చినా తీసుకోగలదు. మన అవసరం ఎక్కువగా ఆ దిశలోనే కాబట్టి ఇది పెద్ద ఊరట.

సీరియల్ పోర్టు అన్నంత మాత్రాన అన్నీ ఆర్‌ఎస్-232 కావు. ఇది ప్రమాదం కాబట్టి గట్టిగా చెబుతున్నాను. షార్ప్ పీసీ-ఇ500, పీసీ-జీ850 వంటి పాకెట్ కంప్యూటర్ల పక్కన కనిపించే పిన్‌లలో నడిచేది 0-5 వోల్టుల తర్కం. పూర్తి ఆర్‌ఎస్-232 వోల్టేజీని నేరుగా వాటికి తగిలిస్తే లోపలి చిప్ కాలిపోవచ్చు, దానికి మళ్లీ విడిభాగం దొరకదు. పైగా వాటిలో సున్నా, ఒకట్లు తిరగేసి ఉంటాయి. ఎఫ్‌టీడీఐ చిప్‌లో ఆ తిరగేసే ఏర్పాటును తయారీదారు ఇచ్చిన సాధనంతో శాశ్వతంగా అమర్చవచ్చు. అభిరుచి ఉన్నవాళ్లు వాడే పద్ధతి అదే. కాసియో డైరీలూ అంతే, కొలిచి చూశాకే కలపాలి. యంత్రం మాన్యువల్‌లో వోల్టేజీ స్థాయి స్పష్టంగా లేకపోతే, మల్టీమీటర్ పెట్టి చూడనిదే ఏ తీగా తగిలించవద్దు.

తీగ మీద నడిచే భాష

తీగ కలిశాక ఫైలును ఎలా పంపాలన్నది రెండో ప్రశ్న. అన్నింటికన్నా తేలికైనది వట్టి పాఠ్యంగా పంపడం: ఇటు టెర్మినల్‌లో వచ్చిందంతా ఫైలులోకి రాసుకునే ఏర్పాటు చేసి, అటు పంపు బటన్ నొక్కడం. మోడల్ 100కు ఇదే చాలు. అయితే అది పాఠ్య ఫైళ్లను మాత్రమే అలా పంపుతుంది. బేసిక్ ప్రోగ్రామ్‌ను ముందు పాఠ్యంగా భద్రపరచాలి. ఈ పద్ధతిలో తప్పులు పట్టుకునే ఏర్పాటు లేదు. ఒక అక్షరం పోతే పోయినట్టే.

దానికి విరుగుడుగా వచ్చినవే ఎక్స్‌మోడెమ్, కెర్మిట్. 1977లో వార్డ్ క్రిస్టెన్‌సెన్ రాసిన ఎక్స్‌మోడెమ్ ఫైలును 128 బైట్ల ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ సరిచూపు సంఖ్య జోడించి పంపుతుంది. లెక్క కుదరకపోతే అవతలివాడు మళ్లీ అడుగుతాడు. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన కెర్మిట్ ఇంకా ఓర్పు గలది: నాసి తీగల మీద, 7 బిట్లే దాటనిచ్చే దారుల మీద కూడా ఫైలును క్షేమంగా చేరుస్తుంది. హెచ్‌పీ ఎల్‌ఎక్స్ యంత్రాల్లో ఈ రెండూ లోపలే ఉన్నాయి. సీ-కెర్మిట్ 2011 నుంచి స్వేచ్ఛా లైసెన్సుతో అందుబాటులో ఉంది, నేటి లినక్స్ మీద మామూలుగా నడుస్తుంది. ఒక విశ్వవిద్యాలయం అందరికోసం రాసిపెట్టిన ప్రోటోకాల్ నలభై ఏళ్లు దాటినా పనిచేస్తుంటే, కోట్లు ఖర్చు పెట్టి కంపెనీలు రాయించిన సింక్ ప్రోగ్రామ్‌లు పదేళ్లకే మూతపడ్డాయి. ఈ విషయంలో ఎవరి పని నిలబడిందో పాఠకులే చూడవచ్చు.

ఇంకో తెలివైన దారి ఉంది. మోడల్ 100కు టాండీ సంస్థ చిన్న ఫ్లాపీ డ్రైవ్ అమ్మింది, అది సీరియల్ తీగ మీదే పనిచేసేది. ఇప్పుడు పీసీలో ఒక ప్రోగ్రామ్ ఆ ఫ్లాపీ డ్రైవ్‌లా నటిస్తుంది. మోడల్ 100 తనకు తెలిసిన డ్రైవ్‌తోనే మాట్లాడుతున్నాననుకుంటుంది. ఫైళ్లు మాత్రం మన హార్డ్ డిస్క్‌లోకి వచ్చి చేరతాయి. పాత యంత్రంలో ఏమీ మార్చకుండా, పీసీనే దానికి తగ్గట్టు మలచుకునే ఈ పద్ధతి అన్నింటిలోకి నాకు ఎక్కువ నచ్చింది.

సైయన్ సిరీస్ 5 ది మధ్యస్థమైన కథ. 1997లో వచ్చిన ఈ యంత్రానికి దాని సొంత ప్రోటోకాల్ ఉంది, విండోస్‌లో సైవిన్ అనే ప్రోగ్రామ్ ఉండేది. సైవిన్ నేటి విండోస్ మీద ఇబ్బంది పెడుతుంది. కానీ ఆ ప్రోటోకాల్‌ను పరిశీలించి ఔత్సాహికులు పీఎల్‌పీటూల్స్ అనే ఉచిత సాధనం రాశారు. లినక్స్, మ్యాక్‌లలో అది సైయన్ డిస్కును తెరిచి ఫైళ్లు కాపీ చేసుకోనిస్తుంది. సైయన్‌లో రిమోట్ లింక్ ఆన్ చేసి, కేబుల్ ఎంచుకుని, వేగం 115200 పెట్టాలి. పని కాగానే లింక్ ఆఫ్ చేయాలి, లేకపోతే పోర్టు రెండు పెన్సిల్ బ్యాటరీలను తాగేస్తుంది. సిరీస్ 5ఎమ్‌ఎక్స్‌లోని 16 మెగాబైట్లు మొత్తం ఆ వేగంతో రావడానికి లెక్క ప్రకారం 24 నిమిషాలు, నిజానికి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. సైయన్ కేబుల్ కొస మామూలు 9 పిన్‌లది కాదు, ప్రత్యేకమైనది. యంత్రం దొరికినంత సులువుగా కేబుల్ దొరకదు. పాతది కొనేవాళ్లు కేబుల్‌తో సహా అమ్మేవారి దగ్గరే కొనాలి.

కార్డు దారి

మెమరీ కార్డు పెట్టే చోటు ఉన్న యంత్రమైతే తీగల గొడవే అక్కర్లేదు. నా అభిప్రాయంలో ఇదే అన్నింటికన్నా మేలైన దారి. సైయన్ సిరీస్ 5లో కాంపాక్ట్‌ఫ్లాష్ నేరుగా పడుతుంది. హెచ్‌పీ 200ఎల్‌ఎక్స్‌లో పీసీఎంసీఐఏ చోటు ఉంది. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డును వట్టి తీగల అడాప్టర్‌లో పెట్టి అందులో దూర్చవచ్చు. 1994లో వచ్చిన 200ఎల్‌ఎక్స్ లోపల ఉన్నది ఎంఎస్-డాస్ 5.0, అది రాసే ఫ్యాట్ పద్ధతిని నేటి విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ ఏ అదనపు ప్రోగ్రామ్ లేకుండా చదువుతాయి. కాంపాక్ట్‌ఫ్లాష్ పట్టే కార్డ్ రీడర్ ఒకటి కొంటే చాలు. అటు కాపీ, ఇటు కాపీ, పని ముగిసింది.

జాగ్రత్తలు రెండు మూడున్నాయి. కార్డు 2 జీబీ లోపు ఉండాలి, ఫ్యాట్16 గానే ఫార్మాట్ చేయాలి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఈ యంత్రాలకు తెలియవు. వీలైతే ఫార్మాట్ ఆ పాత యంత్రంలోనే చేయడం మంచిది. డాస్ యంత్రాలకు ఫైలు పేరు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3 అక్షరాలకు మించకూడదు. ఇక పీసీఎంసీఐఏ కార్డుల్లోనే పాత ఎస్‌రామ్ రకం ఉంది. అందులో సమాచారం ఒక చిన్న బటన్ బ్యాటరీ మీద బతుకుతుంది, మామూలు యూఎస్‌బీ రీడర్లు దాన్ని చదవవు. దానికి పీసీ కార్డు చోటు ఉన్న పాత ల్యాప్‌టాప్ కావాల్సిందే.

ఆ మాటకొస్తే 2000-2005 మధ్య నాటి ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించి పెట్టుకోవడం ఈ పనిలో ఉన్నవారందరికీ నేనిచ్చే సలహా. సీరియల్ పోర్టు, పీసీ కార్డు చోటు, ఇన్‌ఫ్రారెడ్ కన్ను, యూఎస్‌బీ, ఈథర్నెట్ అన్నీ ఒకే యంత్రంలో కలిసి ఉన్న కాలమది. అటువైపు 1985తోనూ, ఇటువైపు నేటితోనూ మాట్లాడగలదు. గ్రంథాలయాలు, రచయితల పత్రాలు సేకరించే సంస్థలు ఇలాంటిది ఒకటి తప్పకుండా ఉంచుకోవాలి. ఇంటర్నెట్‌కు మాత్రం కలపకూడదు. ఆ కాలపు విండోస్ ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి చాలా కాలమైంది.

మూసుకుపోయిన దారులు

పామ్ పైలట్ 1996లో వచ్చినప్పుడు హాట్‌సింక్ బటన్ గొప్ప ఆకర్షణ. పీసీ పక్కనున్న తొట్టిలో నిలబెట్టి ఒక్కసారి నొక్కితే డైరీ, చిరునామాలు, గమనికలు రెండువైపులా ఒకటైపోయేవి. తొలి సీరియల్ పామ్‌లు ఇప్పటికీ కొంత దయగలవే. యూఎస్‌బీ వచ్చాక చిక్కు మొదలైంది. 64 బిట్ల విండోస్‌కు పామ్ సంస్థ యూఎస్‌బీ డ్రైవర్ ఇవ్వలేదు. బ్లూటూతో ఇన్‌ఫ్రారెడ్డో వాడుకోమంది. అవి లేని పామ్ ఉన్నవారి సంగతి ఆలోచించినవారు లేరు. మళ్లీ ఆదుకున్నది బయటివారే. పైలట్-లింక్, జే-పైలట్ లినక్స్ మీద పామ్‌తో మాట్లాడతాయి, లినక్స్ కెర్నెల్‌లో దానికి కావలసిన డ్రైవర్ ఉంది. ఎస్‌డీ కార్డు పట్టే పామ్ అయితే చిన్న కార్డు పెట్టి ఫైళ్లు దాని మీదికి తీసుకోవడం సులువు.

విండోస్ సీఈ, పాకెట్ పీసీల కథ ఇంకా బాధాకరం. పీసీ వైపు ఉండాల్సిన ప్రోగ్రామ్ ఎక్స్‌పీలో యాక్టివ్‌సింక్ 4.5, ఆ తర్వాత విస్టాలో విండోస్ మొబైల్ డివైస్ సెంటర్. విండోస్ 10 అప్‌డేట్ల తర్వాత ఈ డివైస్ సెంటర్‌ను నడపాలంటే సర్వీసుల సెట్టింగులు చేత్తో మార్చాలి, అయినా అందరికీ పనిచేయదు. నమ్మకమైన పద్ధతి వర్చువల్ మెషిన్‌లో ఎక్స్‌పీ పెట్టి, యూఎస్‌బీ పరికరాన్ని దానికి అప్పగించడం. విచిత్రమేమిటంటే ఇన్ని పొరల కింద ఉన్నది చాలా సాదా ఏర్పాటు. తొలి విండోస్ సీఈ యంత్రాలు తీగ మీద క్లయింట్ అన్న మాట పంపుతాయి, పీసీ క్లయింట్‌సర్వర్ అని బదులిస్తుంది, ఆపైన నడిచేదంతా డయలప్ ఇంటర్నెట్ రోజుల్లో అందరూ వాడిన పీపీపీయే. అంటే కింది పొర అందరిదీ, పై పొర కంపెనీది. చెడింది పై పొరే.

ఇన్‌ఫ్రారెడ్ గురించి పొడుగ్గా చెప్పాల్సింది లేదు. ఐఆర్‌డీఏ ప్రమాణం ఉన్న యంత్రాలు చాలా ఉన్నాయి గానీ, లినక్స్ 2018లో 4.17 కెర్నెల్ నుంచి ఆ మద్దతును పూర్తిగా తీసేసింది. అవసరమైతే పాత లినక్స్‌తోనో, పైన చెప్పిన పాత ల్యాప్‌టాప్‌తోనో చేసుకోవాలి.

అటారీ పోర్ట్‌ఫోలియోది ప్రత్యేకమైన ఉచ్చు. 1989 నాటి ఈ చిన్న డాస్ తరహా యంత్రానికి తగిలించే ప్యారలల్ ఇంటర్‌ఫేస్ ద్వారా ఫైళ్లు పంపవచ్చు, ట్రాన్స్‌ఫోలియో అనే ఉచిత ప్రోగ్రామ్ పీసీ వైపు పనిచేస్తుంది. అయితే అంగళ్లలో దొరికే యూఎస్‌బీ-ప్యారలల్ కేబుళ్లు ప్రింటర్‌ను నడపడానికి మాత్రమే. పిన్‌లను ఒక్కొక్కటిగా ఆడించే స్వేచ్ఛ వాటికి లేదు. ఎన్ని కొన్నా డబ్బు దండగ. డెస్క్‌టాప్‌లో నిజమైన ప్యారలల్ పోర్టు గల కార్డు పెట్టుకోవాలి.

ఫైలు వచ్చింది, చదవడం ఎలా?

ఇక్కడే ఎక్కువమంది నిరాశపడతారు. సైయన్ వర్డ్ ఫైలును నేటి వర్డ్ తెరవదు. కాబట్టి మార్చడమేదో పాత యంత్రంలోనే, అది బతికుండగానే, వట్టి పాఠ్యంగా మార్చి పంపడం ఉత్తమం. అసలు ఫైలునూ విడిగా తెచ్చి ఉంచాలి; సైకాన్వ్ వంటి సాధనాలు దాన్ని తర్వాత హెచ్‌టీఎంఎల్‌గా మార్చగలవు. తేదీలనూ గమనించాలి. పామ్‌లో తేదీకి సంవత్సరాన్ని 1904 నుంచి 7 బిట్లలో లెక్కిస్తారు, కాబట్టి 2031తో ఆ లెక్క అయిపోతుంది. యాపిల్ న్యూటన్ 2010 జనవరిలోనే అలాంటి అవాంతరం ఎదుర్కొంది, ఔత్సాహికులు రాసిన సవరణతో బయటపడింది.

తెలుగు విషయానికొస్తే, ఈ యంత్రాల్లో ఎక్కువవి తెలుగు లిపి చూపలేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉన్నా, వీటిలో చాలావాటి లోపల ఉన్నది పాశ్చాత్య అక్షరాల కోడ్‌పేజీలే. ఆ రోజుల్లో అమెరికాలోని తెలుగువారు ఇంటర్నెట్ న్యూస్‌గ్రూపుల్లో ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో, మామూలు ఇంగ్లీషు కీలతో తెలుగు రాసుకునేవారు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆ పద్ధతికి పెద్దబడి, చిన్నబడి ఆంగ్ల అక్షరాలు, కొన్ని మామూలు కీబోర్డు గుర్తులు తప్ప మరేమీ అవసరం లేదు. ఎవరి చేతి కంప్యూటర్‌లోనైనా అలా రాసుకున్న ఉత్తరమో కవితో ఉంటే వారు అదృష్టవంతులు. ఏ దారిన వచ్చినా ఆ అక్షరాలు చెక్కుచెదరవు, ఆంగ్ల అక్షరాలను తెలుగు లిపిలోకి మార్చే లేఖిని అనే సాధనంలో వేస్తే చక్కటి తెలుగుగా మారిపోతాయి. దానికి భిన్నంగా, 90ల్లో సొంత కోడింగు ఉన్న తెలుగు ఫాంట్లతో పీసీల మీద టైపు చేసిన పుస్తకాలెన్నో ఇవాళ ఆ ఫాంటు లేనిదే చదవలేని స్థితిలో ఉన్నాయి.

తెచ్చుకోవడంతో ఆగకుండా యంత్రాన్ని మళ్లీ వాడాలనుకునేవారికి ఒక ఆనందకరమైన దారి ఉంది. ఈఎస్‌పీ8266 చిప్‌తో చేసిన చిన్న వైఫై మోడెమ్‌లు సీరియల్ పోర్టుకు తగిలించుకోవచ్చు. పాత యంత్రం ఫోన్ నంబరు తిప్పే ఆదేశమే ఇస్తుంది. నంబరు బదులు నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్ పేరు ఇస్తే చాలు, కలిసిపోతుంది. రాస్‌ప్బెర్రీ పై మీద సీరియల్ లాగిన్ తెరిచి, 40 అక్షరాలు 8 వరసల మోడల్ 100 తెర మీద లినక్స్ వాడేవారున్నారు. దాని కీబోర్డు మీద రాయడం నేటికీ హాయి. ఈ వైఫై మోడెమ్ దారిలో రహస్య సంకేతీకరణ లేదు కాబట్టి ఇంటి నెట్‌వర్క్ దాటి పాస్‌వర్డులు పంపకూడదు.

మొత్తం మీద నా క్రమం ఇది: కార్డు చోటు ఉంటే కార్డు, లేకపోతే సీరియల్ తీగ, ఆ రెండూ కుదరకపోతే పాత ల్యాప్‌టాప్, కంపెనీ సింక్ ప్రోగ్రామ్ అన్నింటికన్నా చివర.

ఈ పనికి గడువుంది. ఈ యంత్రాల్లో చాలావాటికి ఫైళ్లన్నీ రామ్‌లోనే ఉంటాయి, బ్యాటరీ పూర్తిగా పోతే అవీ పోతాయి. సైయన్ సిరీస్ 5, హెచ్‌పీ 200ఎల్‌ఎక్స్‌లలో రెండు పెన్సిల్ బ్యాటరీలు, వాటికి తోడు ఒక సీఆర్2032 బటన్ బ్యాటరీ ఉంటాయి. మోడల్ 100లో బోర్డుకు టంకం వేసిన నికెల్-కాడ్మియం బ్యాటరీ కాలక్రమేణా కారి బోర్డునే తినేస్తుంది. పామ్ V లో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది. మీ ఇంట్లో, మీ నాన్నగారి బీరువాలో ఇలాంటిది ఉంటే, ఇంకా వెలుగుతుంటే, కేబుల్ కోసం వెతకడం ఈ వారమే మొదలుపెట్టండి. బ్యాటరీలు మార్చేటప్పుడు పెద్దవీ బటన్ బ్యాటరీ ఒకేసారి బయటకు తీయవద్దు. ఒక రకం మార్చి, యంత్రం వెలిగిందని చూసుకున్నాకే రెండోది ముట్టుకోండి.